తల్లిపిండి చరిత్రలో తల్లి ఎక్కడ?

మా ఇంట్లో రాత్రి పాలు తోడుపెట్టే పని ఎప్పుడూ ఆడవాళ్లదే. చెంచాడు పెరుగు మిగల్చడం మర్చిపోతే మర్నాడు గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లాల్సిందే. ఆ తోడు ఎన్ని చేతులు మారి మా దాకా వచ్చిందో ఎవరూ రాసిపెట్టలేదు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో మాత్రం అలాంటి పులుపుకి ఒక తేదీ ఉంది. బంగారం వేట రోజుల్లో, 1849లో, ఇసిడోర్ బుడీన్ మొదలుపెట్టిన బేకరీ, అప్పటి 'మదర్ డో'తోనే నేటికీ సోర్‌డో రొట్టెలు చేస్తున్నామని చెప్పుకుంటుంది. మదర్ డో అంటే తల్లిపిండి. ఇసిడోర్ 1887లో చనిపోయాక బేకరీని నడిపింది ఆయన భార్య లూయీజ్. 1906 భూకంపంలో తల్లిపిండిని బకెట్లో వేసుకుని కాపాడింది కూడా ఆమేనని ఆ సంస్థ చెప్పే కథ.

ఈ కథని నేనూ చాలాసార్లు ఇష్టంగా చెప్పాను. ఇప్పుడు చెబుతుంటే ఏదో వెలితిగా ఉంటోంది. ఆడమనిషి చరిత్రలోకి రావాలంటే భూకంపం రావాలా? మిగతా రోజుల మాటేమిటి?

పులిసిన పిండిని బతికించేది ఆ మిగతా రోజులే. కొంత పిండి తీసేసి, మిగిలినదానికి అంతే బరువు కొత్త పిండి, అంతే నీళ్లు కలపాలి. పొంగి దిగేలోగా మళ్లీ చూసుకోవాలి. మరిచిపోతే పైన నల్లటి నీరు తేలి, ఘాటు వాసన వేస్తుంది. రెండు మూడుసార్లు వేళకి మేత పెడితే తేరుకుంటుంది. గులాబీ రంగు చారలు, బూజు కనిపిస్తే మాత్రం పారేయాల్సిందే.

1971లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు ఈ పులుపు లోగుట్టు విప్పారు. అందులోని బ్యాక్టీరియా మాల్టోజ్ అనే చక్కెరని తింటుంది. ఈస్ట్ దాని జోలికి పోదు. అందుకే రెండూ ఒకే గిన్నెలో పోటీ లేకుండా బతుకుతాయి. బేకర్ల చేతుల మీదా, వాళ్ల పిండిలోనూ ఒకే రకం సూక్ష్మజీవులు ఉన్నాయని 2020లో మరో అధ్యయనం చూపించింది. నాలుగు ఖండాల నుంచి తెచ్చిన 500 పిండి నమూనాలను పరీక్షిస్తే, వాటి తేడాలకి ఊరు పెద్ద కారణం కాదని 2021లో తేలింది.

అంటే పిండి 1849 నాటిదని చెప్పుకోవడంలో ఉన్న గర్వం సగమే నిజం. ఎవరు మొదలుపెట్టారన్న దానికంటే, నిన్న ఎవరు కలిపారన్నదే దానికి ముఖ్యం. మన చరిత్ర రచన మాత్రం మొదలుపెట్టినవాడి పేరు రాసి, కలిపినవాళ్లని వదిలేస్తుంది. ఆ చేతులన్నీ ఆడవాళ్లవేనని నేననను. బేకరీల్లో కూలికి పిండి పిసికిన మగవాళ్లూ ఉన్నారు. వాళ్ల పేర్లూ లేవు. 'తల్లి' అన్న మాట మాత్రం మిగిలింది. పిండిని తల్లిని చేస్తే, మేత పెట్టిన మనిషికి లెక్క చెప్పక్కర్లేదు కాబోలు.

లూయీజ్ బకెట్ కథని ఇకముందూ చెబుతాను. కాకపోతే భూకంపానికి ముందురోజు రాత్రి నుంచి మొదలుపెడతాను. ఆ రాత్రి కూడా ఎవరో ఒకరు పిండి కలిపే ఉంటారు.