హుకుమా? సిఫారసా?

గద్వాలలోనైనా, వనపర్తిలోనైనా, నాగర్‌కర్నూల్‌లోనైనా మొగుడూ పెళ్లాల తగవు ఇల్లు దాటి గల్లీలోకొస్తే మా దగ్గర ముందుగా వచ్చే మాట ఒకటే: "బిఠాకే సమ్‌ఝావ్". కూర్చోబెట్టి నచ్చజెప్పండి. ఎవరు కూర్చోవాలి, ఎవరు చెప్పాలి, ఎవరికి చెప్పాలి? ఇది ఎవరూ అడగరు. ఆఖరికి నచ్చజెప్పేది ఆడపిల్లకే. "సబర్ కర్ బేటీ" అని ఆటో ఎక్కిస్తారు. ఆ ఆటో ఏ ఇంటి ముందు ఆగుతుందో, ఆ రాత్రి లోపల ఏం జరుగుతుందో చూడటం పంచాయితీ పని కాదు.

కౌన్సెలింగ్ అంటే ఇంగ్లీషు చదువులవాళ్లు తెచ్చిందనుకుంటాం. మాకది కొత్త కాదు. ఖురాన్ నాలుగో సూరా అన్-నిసాలో 35వ ఆయత్ ఉంది. ఆలుమగల మధ్య చీలిక వస్తుందని భయపడితే అతని వాళ్ల నుంచి ఒక మధ్యవర్తిని, ఆమె వాళ్ల నుంచి ఒక మధ్యవర్తిని పెట్టమంటుంది. ఇద్దరు, సరిసమానంగా. మా జమాత్ పంచాయితీల్లో ఆ రెండోవాడేడి? సదర్ సాబ్, ముతవల్లి, నలుగురు దుకాణదారులు చాపల మీద కూర్చుంటారు. పిల్ల పరదా వెనక, కాకుంటే అసలు ఇంట్లోనే.

బరీరా కథ మా ఇళ్లలో ఎందుకు చెప్పరో మాకు అర్థం కాదు. ఆమె బానిసత్వం నుంచి విడుదలైన స్త్రీ. భర్త ముగీస్ ఇంకా బానిసే. విడుదలయ్యాక ఆ కాపురం ఉంచుకోవాలో వద్దో తేల్చుకునే హక్కు ఆమెకొచ్చింది. వద్దంది. ముగీస్ గడ్డం తడిసేలా ఏడుస్తూ మదీనా వీధుల్లో ఆమె వెంట తిరిగాడు. ప్రవక్త జాలిపడి, అతని దగ్గరికి తిరిగి వెళ్తే బాగుంటుందేమో అన్నారు. ఇది హుకుమా అని ఆమె అడిగింది. కాదు, సిఫారసు మాత్రమేనన్నారు. అయితే నాకతను అక్కర్లేదంది. బుఖారీ హదీసుల్లో ఉన్నదే ఇది. ఆమెను ఎవరూ గద్దించలేదు. ప్రవక్త సిఫారసునే కాదనగలిగింది ఒక విడుదలైన బానిస. మా పెద్దమనుషుల మాట కాదన్న పిల్లకేమో బేషరం అని పేరు.

పెద్దమనుషులకు ఈ పెత్తనం ఎట్లా వచ్చింది? మా ప్రాంతం సంస్థానాల నేల. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ కేంద్రంగా జటప్రోలు, మూడూ నిజాం కింద హిందూ దొరల ఏలుబడిలోవే. గద్వాల, అలంపూర్ తాలూకాలైతే 1956 నవంబర్ దాకా రాయచూర్ జిల్లాలో ఉన్నాయి. నిజాం జమానాలో కచేరీల్లో ఉర్దూ నడిచింది. ఆ రాజ్యం 1948లో పోయింది, కచేరీ భాష మారింది, మావాళ్ల కొలువులు పోయాయి. ఖాజీ మాత్రం సియాహా పుస్తకంతో మిగిలాడు. ఆయన నిఖా రాస్తాడు, మెహర్ రాస్తాడు. తీర్పు చెప్పే అధికారం ఆయనకు లేదు. 1880 నాటి ఖాజీల చట్టమే ఆ ముక్క స్పష్టంగా చెప్పింది. కోర్టు దూరం, పోలీసు స్టేషనంటే భయం. ఆ ఖాళీ జాగాలోకి జమాత్ వచ్చింది. పేదవాడికి ఖర్చులేని న్యాయం దొరికిందనీ ఒప్పుకోవాలి. మగవాళ్లు బొంబాయి, పూనా పనులకు పోయి నెలల తరబడి తిరిగిరాని పాలమూరులో, ఖర్చులకు పైసలు పంపించమని గట్టిగా అడిగింది చాలాసార్లు ఆ జమాతే.

1985లో షాబానో తీర్పు వచ్చింది, దేశమంతా గోల అయింది. మేం తలుపులు బిగించుకున్నాం. బయటివాళ్లు మా ఆడవాళ్ల మీద కార్చే కన్నీళ్లలో ప్రేమెంత, రాజకీయమెంత అన్న అనుమానం మాకుంది, ఇప్పటికీ ఉంది. ఆ అనుమానం నిజమే అయినా దానికి మూల్యం కట్టింది ఎవరు? మూసిన తలుపు లోపల దెబ్బలు తిన్నవాళ్లే కదా. 2002లో షమీమ్ ఆరా కేసులో సుప్రీంకోర్టు, ఇరువైపుల మధ్యవర్తులు రాజీకి ప్రయత్నించకుండా ఇచ్చిన తలాక్ చెల్లదంది. మా ఆయతే అది, కోర్టు నోటి నుంచి విన్నాం. విని ఊరుకున్నాం. 2017లో మూడు తలాక్‌ల తీర్పు, 2019లో మూడేళ్ల జైలు చట్టం వచ్చాయి. జైలు ఎదురుగా కనబడుతుంటే మాట్లాడుకోడానికి వచ్చే మగవాడు ఇంకా తగ్గుతాడని మా అభిప్రాయం.

ఈ హోరులో మావాళ్లు చూడనిది ఇంకొకటుంది. గృహహింస చట్టం 2005లో వచ్చింది. దాని 2006 నియమాల్లో కౌన్సెలర్ పని రాసి ఉంది, అన్ని మతాలవాళ్లకూ వర్తిస్తుంది. మొదట భర్త ఇక హింసకు దిగనని హామీ రాసివ్వాలి. కొట్టడానికి కారణాలు చెప్పుకోడానికి వీల్లేదు. కూర తగలబెట్టింది, ఎదురు మాట్లాడింది, అడగకుండా అమ్మగారింటికి పోయింది: మా పంచాయితీ సగం రాత్రి వినేది ఇవే. అక్కడ వీటికి చోటే లేదు. రాజీ ఆమె కోరితేనే. కౌన్సెలర్ వీలైనంత వరకూ స్త్రీ అయి ఉండాలి. అందరూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఎవరి బంధువూ కాకూడదు. ఇక్కడ ఆయత్‌కూ నియమానికీ పేచీ ఉన్నట్టు కనిపిస్తుంది. మాకట్లా అనిపించదు. ఆయత్ ఆమె తరపున ఒక మనిషి ఉండాలంటుంది, నియమం ఆమె మీద ఎవరి బరువూ పడకూడదంటుంది. మామగారి తమ్ముణ్ణి మధ్యవర్తిగా కూర్చోబెడితే రెండూ పోతాయి.

పని తెలిసినవాళ్లు ముందు ఇద్దరినీ విడివిడిగా వింటారు. పక్కన మొగుడుండగా కొట్టాడని ఏ పిల్ల చెప్తుంది? కొడుతున్నాడా, ప్రాణభయం ఉందా, రాత్రికి ఎక్కడ పడుకుంటుంది, పిల్లలు ఎవరి దగ్గరున్నారు, ఇవి తేలకుండా ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టరు. భయం ఉన్నచోట రాజీ మాటే ఎత్తరు. ఆమె చెప్పింది బజారుకెక్కదు. మా పంచాయితీలో చెప్పింది తెల్లారేసరికి చాయ్ హోటల్లో ఉంటుంది.

2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఖులా ఆమె హక్కనీ, భర్త ఒప్పుకోలుతో పనిలేదనీ, ముఫ్తీ కాగితం సలహా మాత్రమేననీ చెప్పింది. రాజీ ప్రయత్నం సరిగా జరిగిందో లేదో చూడమనీ అంది. ఆ ప్రయత్నం చేసేవాళ్లెవరు?

ఇక్కడ భాష సంగతుంది. మా ఆడవాళ్లు ఏడ్చేది దఖ్నీలో. దూదేకుల ఆడవాళ్లు ఏడ్చేది తెలుగులో. సఖి కేంద్రంలోనో స్టేషన్‌లోనో రాసుకునే అమ్మాయికి దఖ్నీ రాకపోతే, తర్జుమాకు ముందుకొచ్చేది వెంట వచ్చిన మరిదే. అతను చెప్పిందే కాగితం మీదికెక్కుతుంది.