వరస లేని ఇనుములో అయస్కాంతం

నా ఉద్యోగమంతా ట్రాన్స్‌ఫార్మర్ల మరమ్మతులోనే గడిచింది. లోడు లేని రాత్రుళ్లు కూడా కోర్ కరెంటు తింటుంటే ప్రాణం ఉసూరుమనేది. అందుకే నాకు శాస్త్రజ్ఞుడు పోల్ దువే అంటే అంత గౌరవం. 1960లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం కరిగిన బంగారం, సిలికాన్ మిశ్రమాన్ని రెప్పపాటులో చల్లార్చింది. స్ఫటికాలు కట్టే వ్యవధి లేక పరమాణువులు చిందరవందరగానే గడ్డకట్టాయి. అలాంటి పదార్థంలోనూ అయస్కాంతత్వం నిలుస్తుందని సోవియట్ శాస్త్రజ్ఞుడు గుబనోవ్ అదే ఏడాది సిద్ధాంతరీత్యా చెప్పాడు. 1967లో దువే, ఆయన సహచరుడు లిన్ కలిసి ఇనుము, ఫాస్ఫరస్, కార్బన్ మిశ్రమంలో దాన్ని చూపించారు. ఎంత గొప్ప పని! స్ఫటికాల అంచులు అడ్డుపడవు కాబట్టి అయస్కాంత దిశ సులువుగా తిరుగుతుంది. పైగా ఇలా చల్లార్చి తీసిన రేకు కాగితం కన్నా పలచన. తర్వాత ఈ జాతి రేకులతో చేసిన కోర్‌లలో లోడు లేనప్పటి నష్టం సిలికాన్ స్టీలుతో పోలిస్తే బాగా తగ్గింది. ట్రాన్స్‌ఫార్మర్ కొనేవాళ్లు ధరతోపాటు ఆ నష్టం ఎన్ని వాట్లో కూడా అడగండి.