నొక్కితే తెరుచుకోని తలుపు: కారు రిమోట్ చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. మీ జేబులో ఉండే ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క కథ చెప్పుకుందాం. కారు రిమోట్. దీని వయసు గట్టిగా లెక్కపెడితే నలభై ఏళ్ళు దాటింది, అంతే. కానీ దీని మీద ఫిర్యాదు లేని మనిషిని నేనింతవరకూ చూడలేదు. నొక్కితే తెరుచుకోదు, రెండోసారి నొక్కితేనే తెరుచుకుంటుంది. జేబులో దానంతటదే నొక్కుకుని, రాత్రి పదకొండింటికి అపార్ట్‌మెంట్ సెల్లార్లో కారు కుయ్యిమంటుంది. సరిగ్గా ఊరెళ్ళే రోజునే బ్యాటరీ అయిపోతుంది. ఇవన్నీ కంపెనీవాళ్ళ నిర్లక్ష్యం అనుకుంటాం కదండీ. కొంత నిజమే. కానీ నేను చదువుకున్నకొద్దీ నాకు అర్థమైంది ఏంటంటే, ఈ చిరాకుల్లో చాలావాటి వెనకాల ఒక దొంగ ఉన్నాడు. దొంగ ఒక ఎత్తు వేశాడు, ఇంజనీరు పైఎత్తు వేశాడు. మధ్యలో ఇబ్బంది పడేది మనం.

ముందు ఒక సరదా మాట. మన భాషలో తాళం అంటే తలుపుకి వేసేదీ తాళమే, చేతిలో పట్టుకునేదీ తాళమే. 'ఇంటికి తాళం వేశావా' అంటాం, 'కారు తాళాలు ఎక్కడ పెట్టావు' అనీ అంటాం. ఆ రెండూ వేరు వేరు వస్తువులని మనకెప్పుడూ పెద్దగా పట్టింపు లేదు. కారు రిమోట్ విషయంలో మాత్రం ఆ తేడా బాగా గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే ఇప్పటి కారులో తలుపు తెరిచే తాళం ఒకటి, ఇంజన్ స్టార్ట్ చేయనిచ్చే తాళం ఇంకొకటి. ఒకే ప్లాస్టిక్ డబ్బాలో రెండూ కాపురం చేస్తున్నాయి.

1980కి వెళదాం. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ థండర్‌బర్డ్ లాంటి కొన్ని కార్ల తలుపు మీద ఐదు బటన్లు పెట్టింది. ఐదంకెల సంఖ్య నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. తాళం లోపల మర్చిపోయినా ఫరవాలేదు. బ్యాటరీ పెట్టిన రిమోట్ లేదు, పోగొట్టుకోవడానికి వస్తువే లేదు. నన్నడిగితే ఈ నలభై ఏళ్ళలో వచ్చినవాటిలో బుద్ధిగా ఆలోచించింది ఇదొక్కటే. ఆ కంపెనీ ఇప్పటికీ కొన్ని బళ్ళకి దీన్ని ఇస్తూనే ఉంది. మిగతా ప్రపంచం మాత్రం వేరే దారి పట్టింది.

ఆ దారి ఫ్రాన్సులో మొదలైంది. 1980ల తొలి ఏళ్ళలో రెనో కంపెనీ ఫ్వేగో అనే కారుకి దూరం నుంచి తలుపులు తెరిచే రిమోట్ ఇచ్చింది. దాన్ని కనిపెట్టినాయన పేరు పాల్ లిప్‌షూట్జ్. ఆయన పేరులోంచే 'ప్లిప్' అన్న మాట పుట్టింది. ఇప్పటికీ ఫ్రెంచివాళ్ళు కారు రిమోట్‌ని ప్లిప్ అనే అంటారు. అది మన టీవీ రిమోట్ లాంటిదే, ఇన్‌ఫ్రారెడ్ కాంతితో పనిచేసేది. అంటే గురి చూసి నొక్కాలి. ఆ తర్వాత రేడియో వచ్చింది. రేడియోకి గురి అక్కర్లేదు, జేబులోంచి నొక్కినా పనిచేస్తుంది. జేబులోంచి నొక్కినా పనిచేస్తుంది కాబట్టే, జేబులో దానంతటదే నొక్కుకుపోవడం కూడా అప్పుడే మొదలైంది!

రేడియోతో పెద్ద చిక్కు ఇంకొకటి వచ్చింది. మొదటి తరం రిమోట్‌లు ప్రతిసారీ ఒకే సంకేతాన్ని పంపేవి. పార్కింగ్‌లో పక్కన నిలబడ్డవాడు ఒక చిన్న రిసీవర్‌తో దాన్ని రికార్డు చేసుకుని, మీరు లోపలికి వెళ్ళగానే మళ్ళీ వినిపిస్తే చాలు, కారు తలుపు తీసేస్తుంది. యజమాని గొంతు అనుకరిస్తే తలుపు తీసే కుక్కలాంటిదన్నమాట.

దీనికి విరుగుడు దక్షిణాఫ్రికాలో తయారైంది. 1980ల మధ్యలో నానోటెక్ అనే కంపెనీ ఒక పద్ధతి రూపొందించింది. పేరు కీలాక్. 1995లో దాన్ని అమెరికాలోని మైక్రోచిప్ టెక్నాలజీ కంపెనీ కోటి డాలర్లు పెట్టి కొనుక్కుంది. ఆ తర్వాత అది ఎన్నో కార్లలోకీ, గ్యారేజీ తలుపుల్లోకీ వెళ్ళింది.

ఇది ఎలా పనిచేస్తుందో కాస్త ఓపిగ్గా వినండి, మీ రోజువారీ చిరాకుకి జవాబు ఇక్కడే ఉంది. రిమోట్ దగ్గర ఒక పుస్తకం, కారు దగ్గర అచ్చం అలాంటిదే ఇంకో పుస్తకం ఉన్నాయనుకోండి. పేజీకో రహస్య పదం. మీరు నొక్కిన ప్రతిసారీ రిమోట్ ఒక పదం చెప్పి పేజీ తిప్పేస్తుంది. కారు కూడా సరిచూసుకుని పేజీ తిప్పుకుంటుంది. ఒకసారి వాడిన పదం మళ్ళీ చెల్లదు. దొంగ రికార్డు చేసుకున్నా వాడి చేతిలో ఉన్నది చిరిగిన టికెట్టే.

బాగానే ఉంది. కానీ మీరు ఇంట్లో కూర్చున్నప్పుడు మీ పాప ఆ రిమోట్ తీసుకుని ఆడుకుంటూ ఓ యాభై సార్లు నొక్కింది. కారుకి వినపడలేదు. రిమోట్ యాభై పేజీలు ముందుకెళ్ళిపోయింది, కారు ఉన్నచోటే ఉంది. అందుకే కారు కొంచెం వెసులుబాటు ఇస్తుంది. కీలాక్ పద్ధతిలో మామూలుగా తర్వాతి 16 పేజీల దాకా ఒక్క నొక్కుతో ఒప్పుకుంటుంది. అంతకన్నా ముందుకెళ్ళిపోతే, సుమారు 32 వేల పేజీల దాకా, వరసగా రెండు పదాలు సరిపోలాలి. 'మా రిమోట్ ఒక్కోసారి రెండోసారి నొక్కితేగానీ పనిచెయ్యదండీ' అంటారు చూశారా, దానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. మొదటి నొక్కుకి కారు అనుమానించింది, రెండోదానికి నమ్మింది. వేరే కంపెనీల పద్ధతుల్లో అంకెలు వేరుగా ఉంటాయిగానీ సూత్రం ఇదే.

ఇక్కడ కథ అయిపోతే బాగుండేది. 2008లో జర్మనీలోని బోహుమ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, చిప్ వాడుకునే కరెంటు హెచ్చుతగ్గుల్ని కొలిచి కీలాక్ రహస్యాన్ని బయటికి లాగారు. ఒకసారి ఆ కంపెనీ మూల రహస్యం దొరికితే, దూరం నుంచి రెండు సంకేతాలు విని రిమోట్‌కి నకలు తయారుచేయొచ్చని చూపించారు. ఆ తర్వాత 2015లో సామీ కామ్‌కార్ అనే అతను డెఫ్‌కాన్ సదస్సులో చూపించింది నాకు ఇంకా గమ్మత్తుగా అనిపిస్తుంది. పరికరం ఖర్చు 32 డాలర్లు. మీరు రిమోట్ నొక్కగానే ఆ పరికరం గోల చేసి కారుకి వినపడకుండా చేస్తుంది, అదే సమయంలో మీ పదాన్ని రాసుకుంటుంది. తలుపు తెరుచుకోలేదు. అప్పుడు మనం ఏం చేస్తాం? మళ్ళీ నొక్కుతాం. రెండో పదాన్ని కూడా అడ్డగించి, కారుకి మొదటిదాన్ని వినిపిస్తుంది. తలుపు తెరుచుకుంటుంది, మనం 'హమ్మయ్య' అనుకుని వెళ్ళిపోతాం. వాడని రెండో పదం దొంగ దగ్గర భద్రంగా ఉంటుంది. చూశారా, మన చిరాకునీ, మళ్ళీ నొక్కే అలవాటునీ పెట్టుబడిగా పెట్టుకున్నాడు!

అలాగని రిమోట్ పనిచేయనప్పుడల్లా దొంగే ఉన్నాడని కాదు. 2019లో అమెరికాలో క్లీవ్‌లాండ్ నగరం పక్కన నార్త్ ఓమ్‌స్టెడ్ అనే చిన్న ఊళ్ళో కొన్ని వీధుల్లో కారు రిమోట్‌లు, గ్యారేజీ రిమోట్‌లు వారాల తరబడి పనిచేయలేదు. జనం రకరకాల ఊహలు చేశారు. దగ్గర్లో నాసా కేంద్రం ఉంది కాబట్టి అనుమానం అక్కడిదాకా వెళ్ళింది. చివరికి తేలిందేంటంటే, ఆ వీధిలోనే ఒకాయన సరదాగా ఎలక్ట్రానిక్స్ చేసుకుంటూ, ఇంట్లో పైన ఎవరైనా తిరుగుతుంటే తనకి తెలియజేసే బ్యాటరీ పరికరం తయారుచేసుకున్నాడు. అది 315 మెగాహెర్ట్జ్ మీద ఆగకుండా సంకేతం పంపుతోంది. అమెరికాలో కారు రిమోట్‌లు వాడేదీ అదే. పాపం ఆయనకి ఆ సంగతే తెలియదు. మన దేశంలో, యూరప్‌లో ఎక్కువగా 433.92 మెగాహెర్ట్జ్ వాడతారు. ఇది లైసెన్సు అక్కర్లేని, అందరూ తిరిగే రోడ్డు. కాలింగ్ బెల్లు, గేటు రిమోట్ అన్నీ అక్కడే. ఏదో ఒక చోట, ఒక్క చోట మాత్రమే, మీ రిమోట్ పనిచేయకపోతే ముందు చుట్టుపక్కల చూడండి.

ఇప్పుడు రెండో తాళం సంగతికి వద్దాం, ఇంజన్ తాళం. 1986లో షెవర్లే కార్వెట్ కారు తాళంచెవిలో జనరల్ మోటార్స్ ఒక చిన్న రెసిస్టర్ పెట్టింది. పదిహేను రకాల విలువలు. తప్పు విలువ పెడితే కొన్ని నిమిషాలు స్టార్ట్ కాదు. ఆ తాళం అరిగినా, మట్టి పట్టినా అసలు యజమాని కూడా రోడ్డు మీదే! తర్వాత వచ్చిన చిప్‌కి ఆ బాధ లేదు. అదే ఇమ్మొబిలైజర్. 1990ల చివరికి యూరప్‌లో కొత్త కార్లకి తప్పనిసరి చేశారు. దాని విలువ తెలియాలంటే అమెరికా వైపు చూడాలి. అక్కడ చట్టం అడగలేదు కాబట్టి కియా, హ్యుందాయ్ చాలా మోడళ్ళకి అది పెట్టలేదు. 2021, 22లో కుర్రాళ్ళు యూఎస్‌బీ కేబుల్ మూతితో ఆ కార్లని స్టార్ట్ చేసి ఎత్తుకుపోయారు. వీడియోలు కూడా పెట్టుకున్నారు.

ఈ చిప్‌కి సొంత బ్యాటరీ ఉండదు. కారులోని తీగచుట్ట నుంచే శక్తి తీసుకుంటుంది. అందుకనే రిమోట్ బ్యాటరీ చచ్చిపోయినా మీ కారు స్టార్ట్ అవుతుంది. ఈ సంగతి తెలియక టోయింగ్ బండికి ఫోన్ చేసినవాళ్ళని చూశాను. రిమోట్‌ని సరిగ్గా స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కండి. కొన్ని కార్లలో ఆ చోటు వేరే ఉంటుంది, మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. తలుపు కోసం రిమోట్ లోపలే ఇనప తాళంచెవి దాగి ఉంటుంది. తలుపు హ్యాండిల్ దగ్గర రంధ్రాన్ని ప్లాస్టిక్ మూత కప్పేసి ఉండొచ్చు. ఇంట్లో తీరిగ్గా ఉన్నప్పుడు ఒకసారి తీసి చూసుకోండి, చీకట్లో వర్షంలో కాదు. బ్యాటరీ చాలావాటిలో సీఆర్2032. ఆ అంకెల్లోనే కొలతలున్నాయి: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. పాతది తీశాక పిల్లలకి అందనివ్వకండి. మింగితే గొంతులో గంటల్లో పుండు పడుతుంది. ఇది సరదా మాట కాదు.

బటన్ కూడా నొక్కక్కర్లేని కారు 1993 కార్వెట్‌తోనూ, 1998లో మెర్సిడెస్ ఎస్ క్లాస్ కీలెస్ గో తోనూ మొదలైంది. మన దేశంలో చిన్న కార్లలోకి 2010లో నిస్సాన్ మైక్రాతో వచ్చింది. అంతకుముందు మనకి ఏముంది? కార్ డెకార్ షాపుకి వెళ్ళి, మారుతీ 800కి సెంట్రల్ లాకింగ్ బిగించుకుని, రిమోట్ నొక్కి వీధంతా వినపడేలా కుయ్యి కుయ్యిమనిపించడం. అది తాళం అనే కంటే హోదా అనాలి.

ఈ కొత్త పద్ధతిలో మీరు హ్యాండిల్ పట్టుకోగానే కారు 'ఎవరది, దగ్గర్లో ఉన్నావా' అని చిన్నగా పిలుస్తుంది. జేబులో రిమోట్ 'ఉన్నా' అంటుంది. 2011లో జ్యూరిక్ ఈటీహెచ్ పరిశోధకులు ఈ పిలుపుని అందుకుని దూరంగా ఇంట్లో ఉన్న రిమోట్‌కి చేరవేసే పరికరంతో ఎనిమిది కంపెనీల పది మోడళ్ళని పరీక్షించారు. పదీ తెరుచుకున్నాయి, పదీ స్టార్ట్ అయ్యాయి. ఏ రహస్య పదాన్నీ ఛేదించలేదు. మాటలు మోసుకెళ్ళారు, అంతే. కొత్త కార్లు జవాబు రావడానికి పట్టే కాలాన్ని కొలుస్తున్నాయి. నానోసెకనుకి కాంతి 30 సెంటీమీటర్లే వెళ్తుంది కాబట్టి దూరం గురించి అబద్ధం చెప్పడం కష్టం. మీ కారు పాతదైతే రాత్రిపూట రిమోట్‌ని మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టి, ఆ డబ్బా పట్టుకుని కారు దగ్గరికెళ్ళి హ్యాండిల్ లాగి చూడండి. తెరుచుకుంటే ఆ డబ్బా పనికిరాదు.

దొంగ కన్నా పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది. తాళంచెవి తిప్పి తీసినప్పుడు ఇంజన్ ఆగిందని మన చేతికి తెలిసేది. బటన్ కార్లలో రిమోట్ జేబులో వేసుకుని, ఇంజన్ నడుస్తుండగానే ఇంట్లోకి వెళ్ళిపోవచ్చు. అమెరికాలో ఇంటికి ఆనుకుని గ్యారేజీ ఉంటుంది కదా, పొగ ఇంట్లోకి పాకింది. 2006 తర్వాత ఇలా కనీసం 28 మంది చనిపోయారని 2018లో న్యూయార్క్ టైమ్స్ లెక్కగట్టింది. చాలామంది వయసు పైబడినవాళ్ళు. మన దగ్గర మూసిన గ్యారేజీలు తక్కువే అయినా, నిశ్శబ్దంగా నడిచే హైబ్రిడ్‌లు పెరుగుతున్నాయి. అమ్మానాన్నలకి కొత్త కారు కొనిచ్చేవాళ్ళు ఈ ఒక్కటి చేత్తో చూపించి నేర్పండి.

ఇక ఖర్చు. రాజమండ్రిలో మా పెద్దన్నయ్య రిమోట్ ఒకటి గోదావరి గట్టు దగ్గర నీళ్ళలో పడిపోయింది. సర్వీసు సెంటర్‌వాళ్ళు ఆర్‌సీ కాపీ, ఆధార్, ఉన్న రెండో రిమోట్ కూడా తెమ్మన్నారు. 14 వేలు, మూడు వారాలు. వెనకటికి బస్టాండు దగ్గర గొడుగు వేసుకుని కూర్చునే తాళాలాయన అరగంటలో ఆకురాయితో రుద్ది ఇచ్చేసేవాడు. ఇప్పుడు ఆ వృత్తిలో కొందరు లాప్‌టాప్ పట్టుకుని చిప్‌లకి నకళ్ళు చేస్తున్నారు. నేర్చుకోలేనివాళ్ళు సైకిలు తాళాల దగ్గరే ఆగిపోయారు. దొంగని ఆపడానికి పెట్టిన రహస్యం ఆ గొడుగు కింద మనిషిని కూడా ఆపేసింది. కారు మనదే, తాళం మీద పెత్తనం మాత్రం కంపెనీది. ఇది నాకు నచ్చలేదు. అలాగని ఇమ్మొబిలైజర్ తీసెయ్యమని అనలేను, కియా కార్ల కథ ఇప్పుడే చెప్పుకున్నాం.

అన్నయ్య మూడు వేల దగ్గర ఆగిపోదామా, ఒక్క రిమోట్‌తోనే నెట్టుకొద్దామా అని అడిగాడు. వద్దన్నాను. ఎందుకంటే కారు పోతే బీమా కంపెనీవాళ్ళు మొదట అడిగేది రెండు తాళాలూ చూపించమని. ఒకటే ఉంటే, రెండోది ఎక్కడ, ఎవరికిచ్చారు అని ప్రశ్న మొదలవుతుంది. మీ రిమోట్ పోయి ఉంటే, పోయిందని పోలీస్ స్టేషన్‌లో కాగితం రాయించుకోండి. బీమా కంపెనీకి ముందే రాతపూర్వకంగా తెలియజేయండి. సర్వీసు సెంటర్‌లో పోయిన రిమోట్‌ని కారు జ్ఞాపకంలోంచి తుడిపించండి, అది అడిగితేగానీ చేయరు. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళైతే రెండు రిమోట్‌లూ చేతిలో పడ్డాకే బయానా ఇవ్వండి. వచ్చే ఎపిసోడ్‌లో కారు హారన్ సంగతి చూద్దాం, అది ఇంకా పాత గొడవ. ఉంటానండి.