లంబసింగి ఘాట్ రోడ్డు ఎవరు కొట్టారు?



మొన్న సంక్రాంతి సెలవులకి దువ్వాడ హాస్టల్ నుంచి మా సీనియర్ అన్న బండి మీద ఊరెళ్ళాను. ఎప్పుడూ బస్సే, బండి మీద ఇదే మొదటిసారి. అనకాపల్లి, నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కేసరికి చేతులు కొయ్యబారిపోయాయి. లంబసింగి దగ్గర ఎటు చూసినా బుల్లెట్ బళ్ళు, హెల్మెట్ మీద కెమెరాలు. ఒకాయన మమ్మల్ని ఆపి, "తమ్ముడూ, మంచు ఎక్కడ బాగా కనబడుద్ది?" అని అడిగాడు. ఆయన వెనకాలే గెడ్డ పక్కన, కోతలైపోయిన వరి మడులు మెట్లుమెట్లుగా కిందకి దిగుతున్నాయి. పై మడి నిండితే నీళ్ళు కింది మడికి పోతాయి. ఆ రాతి గట్లు ఎన్ని తరాల చేతులు కట్టాయో. ఆయన అటు చూడనేలేదు.

హాస్టల్‌కి తిరిగొచ్చాక ఫోన్‌లో వియత్నాం వీడియో ఒకటి చూశాను. ఉత్తరాన హజాంగ్ కొండల్లో బండి మీద తిరుగుతున్నారు. అవే ఘాట్ మలుపులు, అక్కడా మెట్ల మడులు. అక్కడ ఉండేవాళ్ళలో మోంగ్ అనే కొండజాతి వాళ్ళు చాలామంది. ఒక ముసలమ్మ వీపున బుట్టతో నడుస్తుంటే మా అమ్మమ్మే అనుకున్నాను. ఆ ఘాట్ రోడ్డుని 1959 నుంచి 1965 దాకా రకరకాల జాతుల కుర్రోళ్ళు గునపాలతో, సుత్తులతో కొండ తొలిచి వేశారట. అప్పుడే బుర్రలో పడింది. మరి మన ఘాట్ ఎవరు కొట్టారు?

లైబ్రరీలో వెతికితే దొరికింది. వందేళ్ళ కింద గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించడానికి మనోళ్ళని బలవంతంగా పనికి దింపాడు. కూలి సరిగ్గా ఇచ్చేవాడు కాదు. అంతకుముందే 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడుకి అడ్డం పడింది. అడవిలోకెళితే గార్డు, ఊళ్ళో ఉంటే వెట్టి. ఆకుమడి పోసే రోజుల్లో మనిషి రోడ్డు మీద రాళ్ళు కొడుతుంటే మడి గట్టు ఎవరు వేస్తారు? ఇది పుస్తకంలో లేదు, నా ఆలోచన. వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టినవాడికి ఎవడికైనా తడుతుంది.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజు గారితో కలిసి ఆ దాడులు చేసినవాళ్ళలో బాస్టియన్ వల్ల నలిగిపోయిన గాం గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర ఉన్నారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆఫీసర్లు చనిపోయారు. ఘాట్‌లో ఏ మలుపు దగ్గర కాచుకోవాలో మనోళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు కదా. 1924లో రాజు గారిని, ఆ తర్వాత గంటందొరని కాల్చి చంపేశారు. మల్లుదొరని అండమాన్ జైలుకి పంపారు. ఆయన బతికి తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచారు! అదే విశాఖలో చదువుతూ ఈ సంగతి నాకు ఇరవయ్యో ఏట తెలిసింది. రాజు గారిని తక్కువ చెయ్యడం కాదు. ఆయన పేరు మన జిల్లాకే ఉంది. పక్కన నిలబడినవాళ్ళ పేర్లు మా క్లాసులో అడిగితే ఒక్కరూ చెప్పలేదు.

ఇంకో విచిత్రం. మన పోరాటానికి సరిగ్గా ముందు, 1918 నుంచి 1921 దాకా, మోంగ్‌లు కూడా ఫ్రెంచి వాళ్ళ మీద తిరగబడ్డారు. వాళ్ళ నాయకుడు పా చాయ్. కారణాలు చూడండి, పన్నులు, వెట్టి. మనకి వాళ్ళు తెలీదు, వాళ్ళకి మనం తెలీదు. ఫ్రెంచి వాళ్ళు దానికి 'పిచ్చివాడి యుద్ధం' అని పేరు పెట్టారు. మనదానికి ఇంగ్లీషు వాళ్ళ కాగితాల్లో 'పితూరీ' అని ఉంది. ఇప్పుడు పితూరీ అంటే ఒకడి మీద ఇంకొకడు చెప్పే చాడీ. ప్రాణాలిచ్చినవాళ్ళకి ఆ మాటేంటి?

ఇదంతా ఫోన్ చేసి అమ్మమ్మకి చెప్పాను. ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. "మా తాత ఆ రోడ్డు పనికే ఎల్లేవోడురా. చోడంబలి దుత్త నెత్తినెట్టుకుని మా అవ్వ ఎనకాల నడిచేదంట. పోలీసోళ్ళ గుర్రాలు కూడా ఆ రోడ్డు మీదే ఒచ్చాయంట" అంది. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదే అంటే, "నువ్వెప్పుడడిగావు?" అంది.

ఆ తాత పేరు ఆవిడకి గుర్తు రాలేదు. ఊళ్ళో ఆవిడకంటే పెద్దాయన ఒకరున్నారు, చెవులు సరిగ్గా వినబడవు. వచ్చే ఆదివారం బండి దొరికితే వెళ్తున్నాను, మాటలు రికార్డు చేస్తాను. చింతపల్లి, జీకే వీధి, కొయ్యూరు వైపు వాళ్ళు మీ ఇళ్ళల్లో కూడా ఒకసారి అడగండి. ఆ రోడ్డు పనికి వెళ్ళినవాళ్ళ పేరు ఒక్కటి దొరికినా నాకు పంపండి.