పసుపు పీపాలు

కారు నడపడం నాకు రాదు. ఉద్యోగకాలమంతా సైకిలు మీదా, ఆర్టీసీ బస్సులోనూ వెళ్ళబుచ్చినవాణ్ణి. అటువంటి తెలుగు పండితుడు మోటారు పందేల చరిత్రను గూర్చి వ్రాయబూనితే చదువరులు విస్తుపోవడం సహజమే. అందుకు కారణం మా అమ్మాయి.

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో హార్ట్‌ఫర్డ్ దగ్గర దాని ఉద్యోగం. రెండేళ్ళ క్రిందట చలికాలంలో ఒక తెల్లవారుజామున పెద్దరోడ్డు మీద వెళుతుండగా, కంటికి కనబడని పలుచని మంచుపొర మీద బండి జారింది. రోడ్డు రెండుగా చీలేచోట సిమెంటు గోడ మొదలవుతుంది. ఆ గోడకు ముందు పసుపుపచ్చని ప్లాస్టిక్ పీపాలు వరుసగా నిలబెట్టి ఉంటాయి. బండి వెళ్ళి వాటిలో దూరింది. పీపాలు పగిలి ఇసుక చెల్లాచెదురైంది. బండి పనికిరాకుండా పోయింది. అమ్మాయికి మణికట్టు బెణికింది, అంతే.

మరుసటి వేసవిలో నేనూ, మా ఆవిడా అక్కడికి వెళ్ళినప్పుడు అమ్మాయి ఆ చోటు చూపించింది. క్రొత్త పీపాలు పెట్టి ఉన్నాయి. "ఇవే నాన్నా" అని కాసేపు ఊరుకుని, "ఆ రెండు క్షణాల్లో ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. తెలిసి ఉంటే పీపాల దాకా పోయేదాన్ని కాదేమో. అది నేర్చుకోవాలి" అంది. నేర్చుకునేది పందేల మైదానంలోనట! మా ఆవిడ ఆ మాట విని రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

దీనిని వారు 'ట్రాక్ డే' అంటారు. ఇది పందెం కాదు. గెలుపోటములుండవు, బహుమతులుండవు. సాధారణ గృహస్థులు తమ సొంత కార్లను తెచ్చి, ఎదురుబండ్లు రాని మూసిన బాట మీద, ఇరవై నిమిషాలకొక విడతగా రోజంతా నడుపుతారు. మైదానాన్ని ఒక బృందం అద్దెకు తీసుకుని, వచ్చినవారి దగ్గర రుసుము పుచ్చుకుని నిర్వహిస్తుంది. ఇటువంటి బృందాలు అమెరికాలో లెక్కకు మిక్కిలిగా ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు నాసా! సూళ్ళూరుపేట వాణ్ణి కనుక నాకు నాసా అంటే శ్రీహరికోటకు అన్నగారే స్ఫురణకు వస్తాడు. ఇది 1991లో పుట్టిన 'నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్' అని తెలిసి నవ్వుకున్నాను.

అమ్మాయి రెండు బృందాల కాగితాలు నా ముందు పెట్టి, "చరిత్ర చదువుతావు కదా, ఏది మంచిదో నువ్వే చెప్పు" అంది. వేళాకోళానికే అన్నదేమో. నేను మాత్రం నిజమనుకున్నాను. మొదట ఆ పసుపు పీపాలు ఎవరు కనిపెట్టారా అని చూశాను. కథంతా అక్కడే దొరికింది.

ఆయన పేరు జాన్ ఫిచ్. 1917లో పుట్టి, రెండవ ప్రపంచయుద్ధంలో యుద్ధవిమానం నడిపి, శత్రువుల చేత చిక్కి, యుద్ధం ముగిశాక మోటారు పందేలలో చేరాడు. 1955 జూన్ 11న ఫ్రాన్సులోని ల మాన్‌లో ఇరవైనాలుగు గంటల పందెం. మెర్సిడెస్ కారును ఫిచ్, పియేర్ లవే అనే ఫ్రెంచివాడు వంతులవారీగా నడపాలి. మొదటి వంతు లవేది. ఆనాడు అక్కడ కార్లు ఆగే తావుకూ, పందెపు బాటకూ మధ్య గోడ లేదు. సాయంత్రం ఆరు దాటాక ఒక జాగ్వార్ ఆగడానికి వేగం తగ్గించింది. దాని వెనుకనున్న ఆస్టిన్ హీలీ తప్పించుకోబోయి ప్రక్కకు తిరిగింది. అంతకంటె ఎంతో వేగంగా వస్తున్న లవే కారు దాని వెనుకభాగం మీదికెక్కి ఎగిరి జనం మీద పడింది. లవేతో బాటు ఎనభైమందికి పైగా మరణించారు. ఫిచ్ తన వంతు కోసం ఎదురుచూస్తూ అక్కడే ఉన్నాడు.

ఈ వృత్తాంతంలో నన్ను నిలిపివేసిన సంగతి ఒకటుంది. ఆ చేటుకు మూలం కేవలం వేగం కాదు. ఆగబోయే బండి, సాగిపోయే బండి ఒకే దారిలో కలిశాయి. వేగాల మధ్య తేడా ప్రాణాంతకమైంది. ఈ మాటను చదువరులు గుర్తుంచుకోవాలి, మళ్ళీ వస్తుంది.

ఫిచ్ అటుపిమ్మట తన బుద్ధినంతా రక్షణ సాధనాల వైపు మళ్ళించాడు. ప్లాస్టిక్ పీపాలలో ముందు వరుసకు తక్కువగా, వెనక్కు పోయేకొద్దీ ఎక్కువగా ఇసుక పోసి నిలబెడితే, గుద్దిన బండి వేగం ఒక్కసారిగా కాక అంచెలంచెలుగా అణగిపోతుంది. ఇంతే ఆయన కనిపెట్టినది. తానే బండి నడిపి ఆ పీపాలను గుద్ది పరీక్షించుకున్నాడట. 1960ల చివర అవి అమెరికా రోడ్లకెక్కాయి. ఆయన 2012లో, తొంభైఐదో ఏట కాలం చేశాడు. మా అమ్మాయి బెణికిన మణికట్టుతో ఇంటికి వచ్చిందంటే ల మాన్‌లో ఆయన చూసిన సాయంకాలానికి అందులో భాగముంది.

ఫిచ్ కథ నన్ను మా అమ్మాయి ఇంటికి గంట దూరంలో ఉన్న లైమ్ రాక్‌కు తీసుకువెళ్ళింది. అక్కడి మైదానం 1957లో మొదలైంది, చుట్టు మైలున్నర. దాని నిర్మాణంలోనూ, తొలినాళ్ళ నిర్వహణలోనూ ఫిచ్ చెయ్యి ఉంది. కార్నెల్ ఏరోనాటికల్ లాబొరేటరీ వారి శాస్త్రజ్ఞానాన్ని కూడా వాడుకున్నారు. ఎదురుగా చర్చి ఉంది. ఇరుగుపొరుగువారు కోర్టుకెక్కగా 1959లో వచ్చిన ఉత్తర్వు వల్ల ఆదివారాలు అక్కడ ఇంజన్ల మోత వినరాదు. మన ఊళ్ళలో మైకులకు ఇటువంటి ఉత్తర్వొకటి ఉంటే ఎంత బాగుండును!

అసలు ఔత్సాహికులకు ప్రత్యేకమైన మైదానమెందుకు? దానికీ ఒక మరణమే కారణం. అమెరికాలో స్పోర్ట్స్ కార్ క్లబ్ 1944లో పుట్టింది. దాని సభ్యులు వృత్తి పందెగాళ్ళు కారు, సరదా కొద్దీ నడిపేవారు. 1948లో కామెరాన్ ఆర్గెట్‌సింగర్ అనే న్యాయశాస్త్ర విద్యార్థి పూనికతో న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్ అనే చిన్న ఊళ్ళో పందెం పెట్టారు. మైదానం లేదు. ఊరి వీధులూ, కొండదారులూ కలిసి ఆరున్నర మైళ్ళ పైచిలుకు చుట్టు. మధ్యలో రైలుపట్టాలు అడ్డం వస్తే ఆ పూటకు రైళ్ళను ఆపించారట! జనం కాలిబాట అంచున నిలబడి చూసేవారు. 1952 సెప్టెంబరులో ఒక కారు ఆ జనాన్ని ఒరుసుకుపోయింది. ఏడేళ్ళ పిల్లవాడు మరణించాడు. ఎందరో గాయపడ్డారు. ఊరి నడిబొడ్డున పందెం అంతటితో సరి. మరుసటి ఏడు ఊరి వెలుపలి దారులకూ, 1956లో ప్రత్యేకంగా కట్టిన మైదానానికీ మారింది. నడుమ 1952 నుంచి 1954 వరకు జనరల్ కర్టిస్ లెమే తన అధీనంలోని వైమానిక స్థావరాలను ఈ క్లబ్బుకు పందేల కోసం ఇచ్చాడు.

విమానాల బాట మీద కార్లు అనగానే నాకు షోలవరం గుర్తుకు వచ్చింది. సూళ్ళూరుపేట నుంచి జి.ఎన్.టి. రోడ్డున మద్రాసుకు పోయేవారికి అది దారిలోనే తగులుతుంది. యుద్ధకాలంలో వేసిన విమానాల బాట మీద, 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వారు పందేలు నడిపేవారు. 1970ల చివర, పండిత శిక్షణలో ఉన్న రోజుల్లో, మా మేనమామతో ఒకసారి వెళ్ళాను. ఎండ, దుమ్ము, తాళ్ళు కట్టిన హద్దు. ఆ తాటిని ఒక చేత్తో పట్టుకుని, తల ముందుకు చాచి చూశాను. మామయ్య చొక్కా పట్టుకుని వెనక్కు లాగి నెత్తిన ఒక్కటి మొట్టాడు. ఆనాడు అవమానంగా తోచింది. వాట్కిన్స్ గ్లెన్ పిల్లవాడి సంగతి చదివిన రాత్రి ఆ మొట్టికాయ మళ్ళీ తలకు తగిలింది. ఆ క్లబ్బు వారు తరువాత శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత మైదానం కట్టుకున్నారు. అది 1990 నుంచి నడుస్తోంది.

ఇక కాగితాలు తీశాను. మొదటి బృందం వారిది ఒక పుట. రుసుము తక్కువ. పేరు, బండి వివరం, 'ఏమి జరిగినా నాదే పూచీ' అనే సంతకం. "తొలి విడత నుంచే ఎక్కడైనా దాటవచ్చు, మీ ఆనందానికి అడ్డులేదు" అని గొప్పగా అచ్చువేసుకున్నారు. రెండవ బృందం వారిది తొమ్మిది పుటలు, రుసుమూ ఎక్కువ. మీరెన్నిసార్లు మైదానంలో నడిపారు, బ్రేకు నూనె ఎప్పుడు మార్చారు, బ్రేకు కట్టలు ఎంత మందం మిగిలాయి, బ్యాటరీ కదలకుండా బిగించి ఉందా, చక్రాల మరలు ఎవరు బిగించారు అని ప్రశ్న మీద ప్రశ్న. మెకానిక్కు చూసి సంతకం చేయాలి. ఉదయపు సమావేశానికి రానివాడు ఆ రోజు బండెక్కరాదు. క్రొత్తవారి పక్కన శిక్షకుడు కూర్చుంటాడు. తిన్నని దారిలో మాత్రమే, అదీ ముందువాడు చెయ్యి చాచి 'పో' అని చూపితేనే, దాటాలి. అమ్మాయికి అది విసుగు పుట్టించింది. నాకు మాత్రం మంచి వ్యాకరణ గ్రంథం చదువుతున్నట్టుంది. ప్రతి సూత్రం వెనుకా ఎక్కడో ఒక అపశబ్దం దొర్లి ఉంటుంది కదా!

ఉదాహరణకు శిరస్త్రాణం. 'స్నెల్' సంస్థ ముద్ర ఉన్న హెల్మెట్టే తేవాలన్నారు. పీట్ స్నెల్ ఒక ఔత్సాహికుడు. 1956లో పందెంలో బండి బోల్తాపడి మరణించాడు. నెత్తిన హెల్మెట్ ఉంది, కాని అది తలను కాపాడలేకపోయింది. మరుసటి ఏడు జార్జ్ స్నైవ్లీ అనే వైద్యుడూ, మిత్రులూ ఆయన పేర సంస్థ పెట్టి హెల్మెట్లను పరీక్షించసాగారు. కార్లకు ఎస్.ఏ. ముద్ర, మోటారుసైకిళ్ళకు ఎం. ముద్ర. కారు హెల్మెట్టు లోపలి గుడ్డ నిప్పుకు కూడా ఓర్వాలి. మొదటి బృందం వారు 'ఏదో ఒక హెల్మెట్టు' అని ఊరుకున్నారు.

శిక్షకుడి సంగతి మాకు క్రొత్త కాదు. శల్యసారథ్యం అన్నమాట మన ఇళ్ళలో రోజూ వినబడేదే. పక్కన కూర్చున్నవాడు ధైర్యం చెరిచేవాడైతే కర్ణుడంతటివాడికీ తప్పలేదు. నలోపాఖ్యానంలో బాహుకుడు రథం తోలుతుంటే ఋతుపర్ణుడి ఉత్తరీయం జారిపడి, ఆపమనేలోగా యోజనం వెనుకబడిపోయింది. ఆ ప్రయాణంలోనే ఋతుపర్ణుడు అక్షహృదయం చెప్పి, అశ్వహృదయం నేర్చుకునే మాట పుచ్చుకున్నాడు. విద్య బండిలోనే మారుతుంది కాబోలు. అమెరికాలో ఈ విద్యను బడిగా నిలిపినవారిలో బాబ్ బాండురాంట్ ఒకడు. 1967లో వాట్కిన్స్ గ్లెన్‌లోనే స్టీరింగు విరిగి ఘోరంగా గాయపడి, మంచాన పడి ఉన్న రోజుల్లో పాఠశాల ఊహించి, 1968లో తెరిచాడు. ఇప్పుడు అమ్మాయి పక్కన కూర్చోబోయే శిక్షకుడు ముక్కూమొగమూ తెలియని మనిషి బండిలో తన ప్రాణం పెడుతున్నాడు. అతణ్ణి ఎలా ఎంచారో చెప్పలేని బృందంతో వెళ్ళవద్దన్నాను.

అమ్మాయి ఇంకా ఊగిసలాడింది. అప్పుడు 2005 సంగతి చదివి వినిపించాను. ఆ జూన్‌లో కాలిఫోర్నియాలో ఫాంటానా మైదానాన ఇటువంటి ట్రాక్ డే జరుగుతుండగా, ఒక పోర్షా కరేరా జి.టి. తిన్నని దారిలో మహావేగంతో వస్తోంది. అదే సమయాన ఒక ఫెరారీ ఆగే తావు నుంచి బాట మీదికి నెమ్మదిగా ప్రవేశించింది. తప్పించబోయి పోర్షా అదుపు తప్పి గోడను గుద్దింది. నడిపేవాడూ, పక్కనున్నవాడూ మరణించారు. జెండా ఊపి ఫెరారీని పంపినవారి పొరపాటు, బాటకు మరీ చేరువలో ఉన్న గోడ, అన్నీ వ్యాజ్యంలోకెక్కాయి. చివరకు సుమారు 45 లక్షల డాలర్లకు రాజీ అయింది. ల మాన్ జరిగి అప్పటికి సరిగ్గా యాభై ఏళ్ళు! ఆగే తావు, సాగే దారి, వేగాల తేడా.

"అయితే వాళ్ళనేం అడగాలి?" అంది అమ్మాయి.

"బయటికి బండిని వదిలే చోట ఎవరు నిలబడతారు, ప్రతి మలుపు దగ్గరా జెండాతో మనిషి ఉంటాడా, కిందటిసారి ఎవరినైనా మధ్యలో ఇంటికి పంపారా అని అడుగు."

ఫోను చేసింది. మొదటి బృందం వారు "మా దగ్గర అటువంటివి జరగవు" అన్నారు. రెండవవారు "పోయిన నెలలో ఇద్దరిని పంపాం. ఒకడు చెయ్యి చూపకుండానే దాటాడు, ఒకడు పసుపు జెండాను లెక్కచెయ్యలేదు" అన్నారు. అమ్మాయి రుసుము వాళ్ళకే కట్టింది. ఇంకొక సంగతి కూడా బయటపడింది. దాని మామూలు బీమా మైదానంలో జరిగిన నష్టానికి వర్తించదట. ఆ ఒక్క రోజుకు వేరే బీమా తీసుకోవాల్సి వచ్చింది. ఈ సంగతి రెండవ బృందం వారి కాగితంలోనే ఉంది.

లైమ్ రాక్‌లో గడ్డి పెరిగిన గట్టు మీద దుప్పటి పరచుకుని మేమిద్దరం కూర్చున్నాం. చుట్టూ పచ్చని కొండలు. మా ఆవిడ కాసేపు కళ్ళు మూసుకుని, తరువాత పులిహోర పొట్లం విప్పింది. అమ్మాయి పాత మియాటా, పక్కన నెరిసిన గడ్డం శిక్షకుడు. మొదటి విడత నెమ్మదిగానే సాగింది. రెండవ విడతకు పిలిచేసరికి, ఎవరికో ఎండదెబ్బ తగిలిందని అంబులెన్సు ఆసుపత్రికి బయలుదేరింది. వెంటనే అంతటా నల్లజెండాలు చూపి బాట మీదున్న బండ్లన్నిటినీ లోపలికి రప్పించారు. అంబులెన్సు తిరిగి వచ్చేదాకా ఒక్క బండి కదలడానికి వీల్లేదట. యాభై నిమిషాలు వృథా అయ్యాయని పక్కనెవరో సణుగుతున్నారు. అమ్మాయి హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని, మా పక్కన కూర్చుని పులిహోర తింది.