డర్బన్ పాత స్టేషన్: మనవారి చెమటకు సాక్షి

మన చోడవరానికి రైలు లేదు. రైలెక్కాలంటే అనకాపల్లి పోవాలి. అయినా సముద్రం అవతలి ఒక రైల్వే భవనం గురించి ఈ సంచికలో చెప్పుకోవడానికి కారణముంది.

1860 నుంచి 1911 వరకు లక్షా 52 వేలమందికి పైగా భారతీయులు ఐదేళ్ల ఒప్పందం మీద దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు కూలీలుగా వెళ్లారు. మొదటి ఓడ ట్రూరో మద్రాసులో బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. మద్రాసు రేవు నుంచి వెళ్లినవారిలో విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల తెలుగువారు ఎందరో. చాలామంది చెరకు తోటలకు పోయారు. కొందరు నేటాల్ ప్రభుత్వ రైల్వేలో పనికి కుదిరారు. మొదటి ఏడాది జీతం తిండి పోను నెలకు 10 షిల్లింగులు. ఒప్పందం తీరాక అక్కడే ఉండిపోదామంటే, 1895 చట్టం ఏటా 3 పౌన్ల తలపన్ను వేసింది. మొదటి ఏటి జీతం లెక్కన అది ఆరు నెలల సంపాదన. ఆ పన్ను 1914లో గానీ పోలేదు.

ఆ కాలంలోనే, 1890లలో, డర్బన్‌లో ఎర్ర ఇటుకల పెద్ద స్టేషన్ లేచింది. 1980లో రైళ్లు కొత్త స్టేషన్‌కు మారాయి. పాత భవనాన్ని మాత్రం కూల్చలేదు. తర్వాత అందులో పర్యాటక సమాచార కేంద్రం నడిచింది. పల్లెల జులూ స్త్రీలు చేసిన పూసల పని, బుట్టలు అమ్మిపెట్టే ఆఫ్రికన్ ఆర్ట్ సెంటర్ కూడా కొన్నేళ్లు అక్కడే ఉండేది. పక్కనున్న పాత రైల్వే వర్క్‌షాపు 1986లో అంగళ్ల సముదాయమైంది.

పాత గోడలు నిలిస్తే సగం పనే అయినట్టు. వాటి వెనుక చెమటోడ్చినవారి పేరు కూడా నిలవాలి. డర్బన్ తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని భాషను, పండుగలను కాపాడుకున్నారు. పేరు నిలిపే పని ఎవరికి వారే చేసుకోవాలని వారిని చూస్తే తెలుస్తుంది.

మన కొండల్లోకి రైలు 1960లలో వచ్చింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. అనంతగిరి, అరకు కొండలను తొలిచారు. ఆ దారిలో ఏ పాత క్వార్టర్సో, గోదామో ఖాళీ పడితే, అది ముందుగా చుట్టుపక్కల గూడేలకు పనికి రావాలి. చదువుకునే గదిగానో, అడ్డాకులు, తేనె, చింతపండు అమ్ముకునే చోటుగానో మారాలి. దాని గోడ మీద ఆ లైను పనిలో రాళ్లు మోసినవారి ఊళ్ల పేర్లు రాయాలి. ఆ పేర్లు చెప్పగల పెద్దలు మన మధ్య ఉండగానే అడిగి రాసుకుందాం.