మొద్దుబారలేదు, మురికి పట్టింది

కోత సగంలో ఉండగా మిషను గొంతు మారింది. అప్పటిదాకా జుయ్యిమని సాగింది కాస్తా మూలగడం మొదలెట్టింది. పనస పలక మొరాయించింది. కుర్రాడు నడుం వంచి బలమంతా పెట్టి తోస్తున్నాడు. మీరు గుమ్మం దగ్గరే నిలబడ్డా మాడు వాసన ముక్కుకి తగులుతూనే ఉంది.

“తొయ్యకురా. ఆపు!” మేస్త్రి గారు లోపలినుంచే కేకేశారు. ఆయన చూడలేదు, విన్నారంతే.

రావులపాలెం దాటాక హైవే పక్కన రేకుల షెడ్డు ఇది. వడ్రంగం పనంతా ఇక్కడే. స్విచ్చి కట్టేసినా బ్లేడు ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ కాసేపూ ఎవరూ దాని దగ్గరికి పోరు. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే మిషను మీద 10 అంగుళాల బ్లేడు అంచు గంటకి 140 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతుంది. బయట హైవే మీద కార్లు కూడా అంత జోరుగా పోవడం లేదు.

“బ్లేడు మొద్దుబారిపోయింది బాబాయ్. సాన పట్టించాల్సిందే,” అన్నాడు కుర్రాడు.

“చూశావా?”

“చూడ్డానికేముంది, కొయ్యట్లేదుగా!”

మేస్త్రి గారు జవాబు చెప్పకుండా ప్లగ్గు పీకి, వైరు చివర తెచ్చి బల్ల మీద మీ కళ్ళెదురుగా పెట్టారు. ఎవరూ పొరపాటున స్విచ్చి వెయ్యకుండా ఆయన పద్ధతి అది. పలక వెనక్కి లాగితే కోసిన మేర గోధుమరంగు మాడు చార. బ్లేడుకి చెక్క ముక్క అడ్డం పెట్టి, నట్టుకి పానా తగిలించి, “ఎటు తిప్పుతావ్?” అని కుర్రాణ్ణి అడిగారు. వాడు తడబడ్డాడు. కోసేటప్పుడు బ్లేడు ఎటు తిరుగుతుందో అటే తిప్పితే నట్టు ఊడుతుంది. మిషను నడుస్తుండగా తనంతట తాను వదులు కాకూడదని మరలు అలా చుట్టి ఉంటారు.

బ్లేడుని గుడ్డతో పట్టుకుని తీసి ప్లైవుడ్ ముక్క మీద పడుకోబెట్టారు. సిమెంటు నేల మీద పెట్టనివ్వరు. కొసలకి అతికిన కార్బైడ్ ఎంత గట్టిదో అంత పెళుసు. చిన్న దెబ్బకే అంచు ఎగిరిపోతుంది.

ఇప్పుడు కిందికి వంగి చూడండి. చక్రమంతా మామూలు ఉక్కే. ఒక్కో పంటి కొసన మాత్రం వడ్లగింజంత బూడిదరంగు ముక్క. కోసేది అదే. ఆ ముక్క చక్రం కన్నా వెడల్పు, రెండు పక్కలా దాదాపు అర మిల్లీమీటరు చొప్పున బయటికి ఉంటుంది. ఆ సందు ఉండబట్టే ఉక్కు చెక్కకి ఆనకుండా గాలిలో తిరుగుతుంది. కానీ ఈ బ్లేడుకి ఆ సందు ఎక్కడుంది? పళ్ళ పక్కన, పళ్ళ మధ్య గాడుల్లో, ముదురు గోధుమరంగు బంక పేరుకుని, పొట్టుతో కలిసి గట్టిపడిపోయింది. గోరుతో గీకినా రావట్లేదు. ఈ బంకే చెక్కని రాసుకుంటోంది. రాపిడికి వేడి, వేడికి బంక ఇంకా మాడి అతుక్కోవడం, అంచు సాగి బ్లేడు ఒణకడం, అన్నీ ఒకదాని వెంట ఒకటి. అంచున సన్నగా కోసి వదిలిన చీలికలు కనిపిస్తున్నాయే, అవి పగుళ్ళు కావు. వేడికి ఉక్కు సాగేందుకు కంపెనీ వాళ్ళు వదిలిన చోటు.

“ఈ నెల్లో ఏం కోశారు?” అని అడిగారు మేస్త్రి గారు.

నన్నడిగితే షెడ్డు మొత్తమ్మీద తెలివైన ప్రశ్న ఇదే. చాలామంది బంకంతా ఒకటే అనుకుని ఒకే మందు పోస్తారు. వేప బంక, తుమ్మ బంక నీళ్ళలో నానతాయి. తుమ్మ బంక నానబెట్టేగా ఒకప్పుడు కాయితాలు అంటించుకున్నాం! ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క దారి వేరు. దాని జిగురు నీటికి లొంగదు, కిరోసిన్‌కో టర్పెంటైన్‌కో కరుగుతుంది. టర్పెంటైన్ పుట్టేదే పైన్ జిగురులోంచి. పనస పాల సంగతి కోనసీమ వాళ్ళకి చెప్పేదేముంది, కాయ కోసేముందు చేతులకీ కత్తిపీటకీ నూనె రాసుకునే వాళ్ళకి! ప్లైవుడ్, ఎండీఎఫ్‌లలో ఉండే జిగురు మాత్రం గట్టిపడ్డాక దేనికీ కరగదు. నానబెట్టి తోమడమే.

కుర్రాడు వేళ్ళు మడిచి లెక్క చెప్పాడు. పనస, వేప గుమ్మాలు, మధ్యలో పైన్ పెట్టెలు. మేస్త్రి గారు ఒక పంటి మీద నీటి చుక్క, పక్క పంటి మీద కిరోసిన్ చుక్క, ఆ పక్క దాని మీద కొబ్బరినూనె చుక్క వేశారు. కాసేపాగి పుల్లతో కదిపి చూడండి. నీటి చుక్క కింద పైపొర జిగటగా లేచింది. కిరోసిన్ కింద ఒక అంచు మెత్తబడింది. నూనె చుక్క దగ్గర పుల్ల కొసకి తీగలా సాగింది. అంటే మూడూ ఉన్నాయి, పొరలు పొరలుగా.

ముందు నూనె గుడ్డతో ఒక పట్టు, తర్వాత కిరోసిన్‌తో ఇంకో పట్టు. ఈ రెండూ షెడ్డు బయటే. తుడిచిన గుడ్డని పొట్టు గుట్ట మీద పడెయ్యబోయిన కుర్రాడికి తిట్లు పడ్డాయి. కిరోసిన్ గుడ్డ, ఎండు పొట్టు, ఎక్కడినుంచో ఒక నిప్పురవ్వ, ఇంకేం కావాలి? ఆ తర్వాత ప్లాస్టిక్ బేసిన్‌లో గోరువెచ్చని నీళ్ళు పోసి, చాకలి సోడా కలిపి బ్లేడు ముంచారు. అల్యూమినియం పళ్ళెం వద్దు, సోడా దాన్ని తినేస్తుంది. తూములు కడిగే కాస్టిక్ సోడా పొయ్యమనేవాళ్ళూ ఉన్నారు. అది బ్లేడు మీది రంగునీ, మన చేతి చర్మాన్నీ కలిపి లేపుతుంది.

పావుగంట. ఈలోపు టీ వచ్చింది.

చేతికి తొడుగులు వేసుకుని పాత టూత్‌బ్రష్, మొండి చోట్ల ఇత్తడి బ్రష్ పట్టండి. గాడి లోపలినుంచి బయటికి, పంటి వెంటే తోమాలి. నీళ్ళు టీ రంగుకి తిరిగాయి. ఒక్కో పన్నూ తెల్లగా బయటపడుతోంది. స్క్రూడ్రైవరుతో గీకెయ్యాలని చెయ్యి లాగుతుంది కానీ, ఆ పెళుసు ముక్క మీద ఇనుము ఆనిస్తే కడిగిన లాభం పోతుంది.

తుడిచి, ఫోను లైటు వేసి పంటి కొసలు ఒక్కొక్కటే చూశారు. పదునైన అంచు వెలుగుని తిరిగి కొట్టదు. అరిగిన అంచు మీదైతే సన్నటి తెల్లగీత మెరుస్తుంది. ఇందులో అలా మెరిసింది ఒకే ఒక్క పన్ను. సాన పట్టించాల్సిన పని లేదు. కార్బైడ్‌కి ఆకురాయి పనికిరాదు, డైమండ్ వీలు మీదికే పంపాలి. పంపిన ప్రతిసారీ ఆ వడ్లగింజ కాస్త చిక్కుతుంది. అక్కర్లేని సాన అంటే డబ్బిచ్చి బ్లేడు ఆయుష్షు కోయించుకోవడమే. టేకు ఎక్కువగా కోసే షాపులో అయితే లెక్క వేరు. టేకులో ఇసుకలో ఉండే సిలికాయే ఉంటుంది, నిజంగా పళ్ళు అరగదీస్తుంది.

తడి పూర్తిగా ఆరాలి. ఈ గాలిలో ఒక్క రాత్రి చాలు, తుప్పు పొర కడుతుంది. నూనె పూస్తే చెక్కకి మరక పడుతుంది, తర్వాత పాలిష్ పట్టదు. అందుకని మైనం పల్చగా రుద్ది గుడ్డతో తుడిచేశారు. బిగించేముందు బ్లేడుని రెండు పక్కలా పట్టి ఉంచే బిళ్ళల మీద చేరిన పొట్టునీ ఊదారు. అక్కడ రవ్వంత పొట్టు మిగిలినా బ్లేడు ఊగుతుంది. అదే పనస పలక మళ్ళీ పెడితే కుర్రాడు చెయ్యి ఆనించగానే సాగిపోయింది.

ఊపు మీదున్న కుర్రాడు ఇంకో బ్లేడు పట్టుకొచ్చాడు. మార్బుల్ కట్టర్‌కి బిగించే 4 అంగుళాలది. “ఇదీ కడిగేస్తాను బాబాయ్.”

మేస్త్రి గారు లైటు వేసి చూశారు. రెండు పళ్ళకి కొసలు లేవు. ఒక గాడి అడుగునుంచి వెంట్రుకంత గీత లోపలికి పాకింది. ఇది కంపెనీ వదిలిన చీలిక కాదు.

“ఇది కడిగేది కాదు.”

“చిన్నదే కదా బాబాయ్, పైపై పనులకి వాడుకుందాం.”

చిన్నదనే అందరూ మోసపోయేది. ఈ కట్టర్లు నిమిషానికి 12,000 చుట్లు తిరుగుతాయి. అంచు వేగం లెక్కేస్తే గంటకి 230 కిలోమీటర్ల దాకా వస్తుంది. పైగా రాయి కోసే మిషనుకి చెక్క బ్లేడు తగిలించి, చేత్తో పట్టుకుని వాడేస్తుంటారు, అదే పెద్ద తప్పు.

మేస్త్రి గారు దాన్ని గోనెగుడ్డలో చుట్టి, వైస్‌లో బిగించి, సుత్తితో రెండు దెబ్బలేసి వంచేశారు. ఇక దాన్ని ఎవరూ ఏ మిషనుకీ ఎక్కించలేరు.

“పాత ఇనుము బండి వస్తే ఇచ్చెయ్. తూకం సరిగ్గా చూసుకో, వాడు మోసగాడు.”